చెమర్చిన కడవ

దుర్గ షెడ్డు కనుక్కోవడానికి అడ్రసు అక్కర్లేదు. కొండపల్లిలో బస్సు దిగి ఎవరినడిగినా అదుగో, ఆ పొగ వచ్చే చోటే అని చెయ్యి చూపిస్తారు. ఆకాశాన్నంటే థర్మల్ స్టేషన్ గొట్టాల్ని ఎవరూ పట్టించుకోరు గానీ, రేకుల షెడ్డులో ఒక ఆడమనిషి అప్పుడప్పుడూ కాసేపు వదిలే పొగ మాత్రం అందరి కంట్లోనూ పడుతుంది. అలా చెయ్యి చూపించినవాళ్ళే మళ్ళీ, పాపం మంచి పిల్లండీ అని కూడా అంటారు. ఆ పాపం ఎందుకో వాళ్ళే చెప్పాలి.

దుర్గ చేసేది రాకు పని. అది జపాను వాళ్ళ పద్ధతి. పేరు వినగానే ఎవర్ని రావద్దంటున్నారండీ అని నవ్వనివాళ్ళు లేరు. దుర్గ కూడా మర్యాదకి ప్రతిసారీ అప్పుడే విన్నట్టు నవ్వుతుంది. మామూలుగా కుమ్మరివాళ్ళు ఆవంలో కుండలు పేర్చి, కాల్చి, చల్లారేదాకా కూర్చుంటారు. రాకులో కూర్చోవడం ఉండదు. పొయ్యిలో కుండ నిప్పుకణికలా వెలుగుతుండగానే పొడుగాటి పట్టకార్లతో బయటికి తీసి, రంపప్పొట్టు పోసిన ఇనప డ్రమ్ములో దింపాలి. పొట్టు భగ్గుమంటుంది. వెంటనే మూత పెట్టేస్తే మంట చచ్చి పొగ పుడుతుంది. కుండ మీద పూసిన తెల్లటి పూత, చల్లగాలి తగిలిన ఆ కాస్తలోనే సన్నసన్నగా బీటలిస్తుంది. ఆ బీటల్లోకి పొగ దూరి నల్లటి గీతలై ఉండిపోతుంది. పూత లేనిచోట మట్టే నల్లబడుతుంది. ఏ గీత ఎటు పోతుందో చేసేవాళ్ళకి కూడా మూత తీసేదాకా తెలియదు.

ఆ మూత దగ్గర ఎప్పుడూ నిలబడేది దానమ్మ, దుర్గ తల్లి. ఆవిడకి జపాను ఎక్కడుందో తెలియదు. పొగ సంగతి మాత్రం ఆవిడకి పుట్టింటి సంగతి లాంటిది.

వాళ్ళది కొల్లేటి ఒడ్డున ఒక పల్లె. దుర్గ తండ్రి చేపల వేటకి పోయేవాడు, దానమ్మ రొయ్యలు పొగబెట్టేది. ఇంటి వెనక తాటాకు పాక, అందులో వెదురు తడక, తడక మీద రొయ్యలు, కింద ఊక నిప్పు. ఆ ఊక మండితే రొయ్యలు మాడతాయి, ఆరితే కుళ్ళుతాయి. మండకుండా ఆరకుండా రాజుకుంటూ ఉండాలి. దానమ్మ తడి గోనెపట్టా చేతపట్టుకుని రోజంతా ఆ నిప్పుని పసిపిల్లని చూసుకున్నట్టు చూసుకునేది. తర్వాత గంప నెత్తిన పెట్టుకుని గుడివాడ చుట్టుపక్కల ఊళ్ళు తిరిగేది. రైతుల ఇళ్ళల్లో పెరటి గుమ్మం దాకానే ఆవిడ దారి. ముందు గుమ్మాలు ఎలా ఉంటాయో ఆవిడకి బయటినుంచి మాత్రమే తెలుసు.

ఆ పొగ దుర్గ జడకి కూడా పట్టేది. బడికి పంపే ముందు దానమ్మ కుంకుడు రసంతో ఒకటికి రెండుసార్లు తలంటేది. అయినా బెంచీ మీద పక్కపిల్లలు కొంచెం జరిగే కూర్చునేవారు. ఒకరోజు దుర్గ ఇంటికొచ్చి, పలక పాక గుమ్మానికేసి కొట్టి, రేపట్నించీ నేను బడికి పోనంది. దానమ్మ తిట్టలేదు. మళ్ళీ కుంకుళ్ళు నానబోసింది. తనెలా బతికినా సరే, కూతురి దగ్గర ఏనాటికీ పొగ వాసన రాకూడదని ఆవిడ ఆరోజే మనసులో గట్టిగా అనుకుంది. దేవుడు ఇలాంటి మాటలు ఎంత శ్రద్ధగా వింటాడో మీకూ తెలుసు.

దుర్గకి బొమ్మలు గీసే చెయ్యి ఉందని బళ్ళో డ్రాయింగు మాస్టారు కనిపెట్టాడు. విశాఖపట్నంలో బొమ్మల చదువు ఉందని చెప్పి, దరఖాస్తు ఆయనే తెప్పించి, రైలు కూడా ఆయనే ఎక్కించాడు. ఆయన పేరు చెబితే ఇప్పటికీ దుర్గ కూర్చున్నచోట్నించి లేస్తుంది. అక్కడ మట్టి పని నేర్చుకుంది. ఆ చదువు అయ్యాక పుదుచ్చేరిలో ఎవరో రాకు నేర్పుతున్నారంటే వెళ్ళింది. మొదటిసారి డ్రమ్ము మూత తీసినప్పుడు పొగ గుప్పుమని లేచింది. మిగతావాళ్ళంతా దగ్గుకుంటూ, ముక్కుకి రుమాళ్ళు అడ్డం పెట్టుకుంటూ దూరంగా పరిగెత్తారు. దుర్గ కదలలేదు. అక్కడే నిలబడి ఊపిరి నిండా పీల్చుకుంది. కళ్ళ నీళ్ళు కారిపోయాయి. పొగకని అందరూ అనుకున్నారు. నిజానికి ఆ పిల్లకి ఇంటి మీద బెంగ పట్టుకుంది.

ఆ సాయంత్రం తల్లికి ఫోను చేసి, అమ్మా, నేను కుండలకి పొగబెట్టడం నేర్చుకుంటున్నాను అని చెప్పింది. 

"దానికి అంత దూరం పోవాలంటే?" అంది దానమ్మ అవతలినుంచి.

తండ్రి పోయాక దుర్గ కొండపల్లిలో ఈ షెడ్డు అద్దెకి తీసుకుని తల్లిని తెచ్చుకుంది. కొండపల్లే ఎందుకంటే పొట్టు కోసం. అక్కడ బొమ్మలు చేసేవాళ్ళు పొణికి చెక్క చెక్కుతారు. ఆ పొట్టు దూదిలా తేలిక, అంటుకుంటే క్షణంలో అంటుకుంటుంది, పొగ మెత్తగా పడుతుంది. బొమ్మల కాలనీలో ఆడవాళ్ళు గోతాల్లోకి ఎత్తి పక్కన పెడతారు. ఊరికే పారేసేదేగా, తీసుకుపోమ్మా అంటారు. దుర్గ ఊరికే తీసుకోదు. వాళ్ళ రంగు కుంచెలు పెట్టుకోవడానికి చిన్న చిన్న ముంతలు చేసిచ్చింది. ఇవాళ ఆ కాలనీలో ఏ అరుగు మీద చూసినా దుర్గ ముంత ఒకటి కనిపిస్తుంది.

కూతురు పొగలో నిలబడటం చూడలేక దానమ్మ మొదట్లో షెడ్డు వైపు వచ్చేదే కాదు. వచ్చిన రోజున, దుర్గ డ్రమ్ము మీద మూత పెడుతుంటే పక్కనుంచి మంట నాలుకలు చాస్తోంది. దానమ్మ చూసింది, చూసింది, ఉండబట్టలేక లేచి ఒక గోనెపట్టా తడిపి తెచ్చి మూత చుట్టూ వత్తేసింది. మంట టక్కున ఆగిపోయింది. ఆరోజు బయటికొచ్చిన కుండ అంతకు ముందెప్పుడూ రానంత నలుపుతో వచ్చింది. అప్పట్నించీ ఆ మూత ఆవిడదే. పని చేస్తూనే ఉంటుంది, వద్దు ఈ పని అని సణుగుతూనే ఉంటుంది.

పదేళ్ళు గడిచాయి. దుర్గ కుండలు హైదరాబాదులో, బెంగుళూరులో అమ్ముడుపోయాయి. ఎవరెవరో ఫోటోలు తీసుకున్నారు. కానీ ఈ పదేళ్ళలో ఇటు కృష్ణ ఒడ్డున గానీ, అటు తను పుట్టి పెరిగిన కొల్లేటి వైపు గానీ, ఒక్క ఇంట్లోనూ దుర్గ కుండ గుమ్మం లోపలికి పోలేదు. కారణం వెతకక్కర్లేదు. మన ఇళ్ళల్లో బీటలిచ్చిన కుండ ఉంచుకోరు. కుండకి బీటొస్తే ఇంటికి బీటొచ్చినట్టు లెక్క. విజయవాడలో ఎగ్జిబిషన్ పెడితే వచ్చినవాళ్ళు వేలితో గీతలు తడిమి, ఇవి దారిలో దెబ్బతిన్నాయా అండీ, తగ్గించి ఇస్తారా అని అడిగారు. దుర్గ నవ్వేసి ఊరుకునేది గానీ, ఇంటికొచ్చాక అన్నం సయించేది కాదు. పరాయి ఊళ్ళు మెచ్చుకుంటే సంతోషమే. మన వాళ్ళు కూడా ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఇది మా ఇంట్లో ఉండనీ అంటే చాలని ఆ పిల్ల ప్రాణం కొట్టుకులాడేది.

పోయిన వేసవిలో విజయవాడలో ఒక పెద్ద ప్రైవేటు బడి వాళ్ళు ఆర్ట్ టీచరుగా రమ్మన్నారు. దానమ్మ ముఖం చాటంత అయింది. ఏసీ గదులట, ఇస్త్రీ చీరెట, పొగ అన్న మాటే ఉండదట. దుర్గకి కూడా అలసటగానే ఉంది. ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. అప్పటికే ఒప్పుకున్న పని ఒకటి ఉంది, గవర్నర్‌పేటలో ఎలక్ట్రికల్ సామాన్ల హోల్‌సేలు వ్యాపారం చేసే జయకృష్ణ గారి కొత్తింటికి ఒక పెద్ద కడవ. అది ఆ ఇంట్లో నిలిస్తే పొయ్యి ఉంటుంది. రెండురోజులు తిరక్కుండానే తీసేసి పెరట్లో పడేశారంటే పొయ్యి ఊడదీసి బళ్ళో చేరుతుంది. గృహప్రవేశం శనివారం. బడి వాళ్ళకి జవాబు చెప్పాల్సింది సోమవారం.

జయకృష్ణ గారు మంచి మనిషి. ఒక ఆర్కిటెక్టు ఆఫీసులో దుర్గ జాడీ చూసి ముచ్చటపడి వెతుక్కుంటూ వచ్చాడు. హాల్లో అడుగుపెట్టగానే కనపడాలండీ అన్నాడు. దుర్గ ఆయనకి రెండుసార్లు చెప్పింది, దీన్లో నీళ్ళు పొయ్యకూడదండీ, బీటలు ఉంటాయి కాబట్టి నిలవవు, ఇది చూసుకోవడానికి మాత్రమే అని. నాకు తెలుసండీ, డెకరేషన్ పీసే కదా అని ఆయన తలూపాడు. ఆయన వ్యాపారంలో అందరికీ అన్నీ వివరంగా చెబుతాడు. ఇంట్లో వాళ్ళమ్మకి మాత్రం ఏదీ చెప్పడు. కొంతమంది మగవాళ్ళకి అదొక గౌరవం.

కడవని కాల్చిన రోజు ఇద్దరూ పొద్దున్నుంచి పొయ్యి దగ్గరే ఉన్నారు. మోకాలెత్తు కడవ, చెరో పట్టకారూ పట్టుకుని బయటికి తీశారు. పొట్టు మంట షెడ్డు కప్పుదాకా లేచింది. దానమ్మ మూత వేసి, గోనెపట్టా వత్తి, దాని మీద చెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంది. చల్లారి బయటికొచ్చిన కడవ మీద తెల్లటి పూతంతా సాలెగూటిలా నల్లగీతలు. మెడ దగ్గరా అడుగునా బొగ్గులాంటి నలుపు. చాలాసేపు టింగు టింగుమంటూ సన్నగా మోగుతూనే ఉంది. పూత ఇంకా బీటలిస్తోందన్నమాట. ఇంత చక్కటిది తన చేత్తో మళ్ళీ రాదని దుర్గకి తెలిసిపోయింది. ఆ రోజుకి ఆ సంతోషం చాలనుకుంది.

శుక్రవారం సాయంత్రం, జయకృష్ణ గారు పంపిన ఆటోలో ఎక్కించడానికి దాన్ని పెద్ద గంపలో గడ్డివేసి కూర్చోబెడుతుంటే దానమ్మ అడ్డొచ్చింది. "ఖాళీ కడవ గడప దాటకూడదే," అని గుప్పెడు బియ్యం అందులో వేసింది. మన ఆడవాళ్ళ నోట ఖాళీ అన్న మాట రావడమే కష్టం. డబ్బాలో బియ్యం అడుగంటినా నిండుకున్నాయి అంటారు తప్ప అయిపోయాయి అనరు. దుర్గ నవ్వుకుంది. ఆ గుప్పెడు బియ్యం దగ్గరైనా, ఆ ఇంట్లో కూడా ఇలాంటి తల్లి ఒకావిడ ఉంటుందన్న సంగతి తట్టాల్సింది. తట్టలేదు. జాగ్రత్తలన్నీ ఇల్లు కట్టించినాయనకి చెప్పింది గానీ, ఇల్లు నడిపేవాళ్ళకి చెప్పలేదు.

శనివారం పొద్దున ఇద్దరూ వెళ్ళేసరికి పాలు పొంగించడం అయిపోయి సత్యనారాయణ వ్రతం నడుస్తోంది. ఇల్లు కొత్త పెయింటు వాసనతో ఘాటుగా ఉంది. దానమ్మ అలవాటు కొద్దీ గుమ్మం పక్కనే చతికిలబడింది. దుర్గ లోపల ఒక పక్కగా కూర్చుంటూనే కడవ కోసం చూసింది. పీట మీద ఉంది. పసుపు రాసి బొట్లు పెట్టారు. మూతి మీద మామిడాకులు. ఆకుల మధ్య నీళ్ళు తళతళలాడుతున్నాయి, అంచుదాకా.

జయకృష్ణ గారి తల్లి వెంకటరత్నమ్మ గారు పామర్రు దగ్గర వ్యవసాయం చేసిన కుటుంబంలో మనిషి. కొత్తింట్లో, శుభమా అంటూ, నడి హాల్లో ఖాళీ కడవ కూర్చుని ఉండటమేంటని ఆవిడ తెల్లవారగానే కృష్ణ నీళ్ళు తెప్పించి, వ్రతానికి కూర్చోబోయే ముందు పోయించింది. ఆవిడ స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు.

దుర్గ లేచి చెబుదామనుకునే లోపలే కడవ అడుగు నల్లగా తడి దేరింది. నీళ్ళు పీట అంచున చేరి, అక్కడ్నించి నాపరాళ్ళ మీదికి దిగి, ముగ్గు వైపు పాకడం మొదలెట్టాయి. ఎవరో బంధువు ముందు చూసింది. కడవ కారుతోందని, బీటల కుండ తెచ్చి కొత్తింట్లో పెట్టారేంటని గుసగుసలు మొదలయ్యాయి. పంతులుగారు మంత్రం ఆపారు. జయకృష్ణ గారి ముఖంలో నెత్తురుచుక్క లేదు. అయ్యో, నీళ్ళు పొయ్యొద్దని చెప్పిందిరా అని ఆయనకి గుర్తొచ్చినట్టే ఉంది గానీ, వాళ్ళమ్మ వైపు చూసి కండువా సర్దుకున్నాడు.

దుర్గ లేచి నిలబడింది. 

"కడవ పగల్లేదండీ," అంది వెంకటరత్నమ్మ గారితో. "ఆ బీటలు నేను కావాలని తెప్పించినవే. దీన్లో నీళ్ళు నిలవవు. ఆ మాట మీకు చెప్పాల్సింది, చెప్పలేదు. తప్పు నాదేనండీ. తీసుకెళ్ళిపోమంటే ఇప్పుడే తీసుకెళ్తాను."

ఆ మాట అంటున్నప్పుడు పొయ్యి ఊడదీసినట్టే అనిపించింది.

వెంకటరత్నమ్మ గారు మనవరాలి భుజం పట్టుకుని లేచి కడవ దగ్గరికి వచ్చింది. తడిసిన నల్లటి అడుగు మీద అరచెయ్యి ఆనించింది. చల్లగా తగిలినట్టుంది, అలాగే ఉంచింది. తర్వాత వంగింది. పెద్దావిడ కదా, ఎక్కడ తూలుతుందోనని కొడుకు చెయ్యి వేయబోతే విదిలించేసింది. కడవ దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. మట్టి తడిసేసరికి లోపల దాక్కున్న పొగంతా బయటికొస్తోంది.

"దాలి వాసన," అంది.

హాల్లో చిన్నవాళ్ళకి ఆ మాట అర్థం కాలేదు. పెద్దవాళ్ళకి అయింది. ఒకప్పుడు పెరట్లో దాలిగుంట తవ్వి, పిడకల నిప్పు రాజేసి, దాని మీద పాలకుండ పెట్టి పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాచేవాళ్ళు. పాలు ఎర్రగా మరిగి, మీగడ అరచేతి మందాన కట్టి, ఆ పాలకీ, పెరుక్కీ, వెన్నకీ కూడా సన్నటి పొగ వాసన ఉండేది.

"మా అమ్మ పోయింతర్వాత ఈ వాసన మళ్ళీ తగల్లేదు నాకు," అంది ఆవిడ. "ఎవరు పెట్టారమ్మాయ్ దీనికి పొగ?"

"మా అమ్మండీ."

గుమ్మం పక్కనున్న దానమ్మని రమ్మన్నారు. ఆవిడ కొంగు భుజం చుట్టూ లాక్కుని, ఎక్కడ అడుగు వెయ్యాలో తెలియనట్టు వచ్చింది. దాలి పెట్టేదానివా అని అడిగింది వెంకటరత్నమ్మ గారు.

"కాదండి," అంది దానమ్మ. "రొయ్యలకండి."

పంతులుగారు పెద్దగా దగ్గారు. వ్రతం పీటల దగ్గర ఆ మాట అన్నందుకు దానమ్మ నాలిక్కరుచుకుంది. ముందు వెంకటరత్నమ్మ గారే నవ్వింది. ఆ తర్వాత హాలంతా నవ్వింది.

నవ్వు సద్దుమణిగాక ఆవిడ దానమ్మ చెయ్యి పట్టుకుంది. "పొద్దుట్నించీ ఎవరింట్లోనో కూర్చున్నట్టుంది నాకు," అంది. "అంతా పెయింటు కంపు. మావాడు బాధపడతాడని అన్లేదు. ఇప్పుడు మాయింట్లో ఉన్నట్టుంది."

తర్వాత ఆవిడ అధికారం ఆవిడ తీసుకుంది. కడవ కింద ఇత్తడి తాంబాళం పెట్టమంది. కొత్త కుండ చెమర్చకపోతే అదేం కుండ, మా ఇంట్లో కుండలన్నీ చెమర్చినవేనని గుసగుసలాడిన బంధువుకి వినపడేలా చెప్పింది. నీళ్ళు కారితే తనే రోజూ పోస్తానంది. కడవ మాత్రం ఆ చోటునుంచి కదిలేది లేదంది. పంతులుగారు మంత్రం ఎత్తుకున్నారు. దుర్గ స్తంభం చాటుకి పోయి కళ్ళు తుడుచుకుంది. డ్రాయింగు మాస్టారికీ, కాలనీ ఆడవాళ్ళకీ, పొణికి చెట్టుకీ, ఎవరెవరికో మనసులో దణ్ణాలు పెట్టుకుంది. ఇంతమంది పెట్టిన భిక్షేనా తన బతుకంతా అనిపించి ఒళ్ళు తేలికపడింది.

భోజనాలయ్యాక, కడవని తెచ్చిన గంప తీసుకెళ్దామని చూస్తే అది ఖాళీగా లేదు. బియ్యం, అరటిపళ్ళు, బెల్లం, పైన జాకెట్టు గుడ్డ. ఖాళీ గంప ఎట్టా పంపుతారని వెంకటరత్నమ్మ గారు తన చేత్తో నింపించి, ఇద్దర్నీ ముందు గుమ్మం దాకా వచ్చి సాగనంపింది.

ఆటోలో దానమ్మ ఆ గంప ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బెంజి సర్కిల్ దాటిన తర్వాత కొంగు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది.

"ఈ వాసనకే కదే నీ పక్కన ఎవరూ కూర్చోలేదు," అంది. "ఎన్ని కుంకుళ్ళు కొట్టానో. ఆ తల్లి ఇవాళ దాని కోసం వంగింది."

దుర్గ తల్లి చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. ముంజేతి దాకా పాత కాలిన మచ్చలు. "అది నీ పొగేనమ్మా," అంది. "నాకు వచ్చిందంతా నువ్విచ్చిందే."

దానమ్మ ఏసీ గదుల మాట ఎత్తలేదు. ముందుకి వంగి ఆటో అబ్బాయి భుజం తట్టింది.

"బాబూ, ఇంటికి తర్వాత పోదాం. ముందు బొమ్మల కాలనీకి పోనియ్యి. పొట్టు నిండుకుంది."